సాగనంపని దరువు

వీరబాబు డోలు కోసం భాను కారు వేసుకుని వచ్చిన రోజు జంపక్క ఇంట్లో లేదు. ములకలపల్లి సంతకు పోయింది. ఉండి ఉంటే భానుకు మంచినీళ్లిచ్చి, మంచీచెడూ అడిగి, వచ్చిన దారినే పంపేది. చెప్పుకోవడానికి కథే ఉండేది కాదు. ఇంట్లో ఉన్నది కూతురు యశోద. చదువుకున్నది. చదువుకున్నవాళ్లు చేసే తప్పులు ఎప్పుడూ కాస్త పెద్దవిగానే ఉంటాయి.

యశోదకు ముప్పై ఎనిమిదేళ్లు. పక్క ఊరి సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం. పొద్దున్నే స్కూటీ మీద టీకాల డబ్బా కట్టుకుని అడవి దారిలో నాలుగు గూడేలు తిరిగి, పొద్దు వాలేసరికి తల్లి దగ్గరికి చేరుతుంది. వీరబాబు ఆమె అన్న. పద్నాలుగేళ్ల కింద, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, మలేరియా మెదడుకెక్కి చనిపోయాడు. కొత్తగూడెం దవాఖానా ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా జీపులోనే పోయాడు. ఆ జ్వరానికి వేసే గోళీలు ఇప్పుడు యశోద సంచిలో ఎప్పుడూ ఉంటాయి. అన్న సంగతి ఎవరైనా ఎత్తితే ఆమె చెయ్యి దానంతటదే సంచి మీదికి పోతుంది.

భానుది ఖమ్మం. డిగ్రీలో వీరబాబు పక్క బెంచీ. వాళ్లిద్దరూ ఇంకో ఇద్దర్ని కలుపుకుని రాక్ బ్యాండ్ పెట్టారు. పేరు కోసం వారం రోజులు కొట్లాడుకున్నారు. వేసవి సెలవుల తర్వాత వీరబాబు చేతులకింకా వదలని తునికాకు పసరు చూసి, చివరికి బ్యాండుకు ‘తునికాకు’ అనే పేరు పెట్టారు. భాను గొంతు, రెండు గిటార్లు, వాటి నడుమ వీరబాబు డోలు. స్పీకర్లు ఆర్టీసీ బస్సు టాపు మీద కట్టుకుని చండ్రుగొండ, నేలకొండపల్లి, ఎవరు పిలిస్తే వాళ్ల ఊరికి పోయేవారు. టికెట్టు పది రూపాయలు. గోడ దూకినవాళ్లకు అదీ లేదు. దూకేవాళ్లే ఎక్కువ, వాళ్లే గట్టిగా చప్పట్లు కొట్టేవాళ్లు. తర్వాత హైదరాబాదు పిలిచింది, టీవీలో కనబడ్డారు, పేరొచ్చింది. వీరబాబు పోయాక మిగిలిన ముగ్గురూ ఏడాది పాటు ఈడ్చుకొచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఎవరి దారిన వాళ్లు పోయారు.

పద్నాలుగేళ్లకు ఆ ముగ్గురూ మళ్లీ కలుస్తున్నారు. తొమ్మిది ఊళ్లలో తొమ్మిది షోలు. మొదటిది పుట్టిన ఊరు కదా అని ఖమ్మంలోనే. ఈ సంగతి చెబుతున్నప్పుడు భాను గడపలోనే నిలబడి ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది, మిగతా సగానికి రంగు వేశాడు.

“చెల్లె, వాడు లేకుంట తునికాకు లేదు,” అన్నాడు. “కనీసం వాని డోలన్న స్టేజి మీద ఉండాలె. ఆ చప్పుడు ఏ మిషన్ల రాదు. శానా తీర్ల చూసిన, రాలె. వాన్ని జనం మర్చిపోవద్దు గద.”

ఆ చివరి మాట దగ్గరే యశోద పడిపోయింది. అన్నను తను కాక ఇంకొకరు గుర్తు పెట్టుకుంటారన్న ఆశ ఎవరికుండదు? షోలు పెట్టే కంపెనీవాళ్ల కాగితం భాను ఇస్తే చదివింది. షోలు అయిపోగానే డోలు భద్రంగా తిరిగి ఇస్తామని అందులో ఉంది. సంతకం చేసింది. ఇంటి వాసానికి పాత చీరలో చుట్టి వేలాడగట్టిన డోలును తనే స్టూలెక్కి దించింది.

“మీ ఇద్దరికి ముందు వరుసల కుర్చీలు,” అన్నాడు భాను డోలును వెనక సీట్లో పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెడుతూ. “అమ్మను నేనే దగ్గరుండి కూసోబెడత.”

సాయంత్రం జంపక్క సంత నుంచి వచ్చి, ఉప్పు, మిరపకాయలు కింద దించి, అలవాటు కొద్దీ తలెత్తి వాసం వైపు చూసింది. తాడు ఒక్కటే వేలాడుతోంది. యశోద సంబరంగా చెప్పడం మొదలుపెట్టి, తల్లి మొహం చూసి మధ్యలో ఆపేసింది.

వాళ్ల గట్టులో, అంటే వాళ్ల వంశంవాళ్లలో, ఒక పద్ధతి ఉంది. మగపిల్లవాడు మొదటిసారి పండుగలో డోలు భుజాన వేసుకున్న రోజు ఊరి పెద్ద వాడికొక దరువు ఇస్తాడు. అది వాడిదే. ఇంకొకరు ముట్టరు. బతికి ఉన్నన్నాళ్లు ఎక్కడైనా, ఎంతసేపైనా వాయించుకోవచ్చు. చనిపోయాక మాత్రం ఆ దరువు వాడి పేరవుతుంది. వాడి డోలు మీద వాడి దరువు కొడితే వాణ్ణి పిలిచినట్టు. వస్తాడు. అందుకే ఏడాదికొక్కసారి, కొత్త పంట ఇంటికొచ్చే కొత్తల పండుగనాడు మాత్రమే డోలు దించి పిలుస్తారు. ఇంటి పొయ్యి మీద వండిన అన్నం, కోడికూర ఆకులో పెట్టి, ఇప్పసారా మట్టిలో వొంపి, కన్నవాళ్లు తమ నోటితో “తిన్నవు, తాగినవు, ఇగ నీ తావుకు పో” అని సాగనంపుతారు. అలా సాగనంపేదాకా వచ్చినవాడు డోలును విడిచిపెట్టి పోడు. దాన్ని పట్టుకునే ఉంటాడు, ఆకలితో. పిలిచి పంపకపోవడమంత పాపం ఆ గూడెంలో ఇంకొకటి లేదు.

వీరబాబు బతికున్నప్పుడు తన దరువునే బ్యాండులో పెద్ద పాటకు ఆధారం చేశాడు. ఆ పాట ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. జంపక్క దానికెప్పుడూ అభ్యంతరం చెప్పలేదు. ఫోనులో మోగేది చప్పుడే, తోలు కాదు అనేది ఆమె లెక్క.

“ఆ పాట కొడతరా?” అని అడిగింది.

“జనం వచ్చేదే ఆ పాట కోసం గదమ్మా.”

“ఆ డోలు మీదనే?”

“అవ్. ముంబై నుంచి ఎవరో డ్రమ్మర్ వస్తుండట.”

జంపక్క తిట్టలేదు. తిడితే యశోదకు కాస్త బరువు దిగేది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని చాలాసేపు తాడు వంకే చూసింది. “పోయిన నెలనే కడుపునిండ పెట్టి పంపితిమి,” అంది. “మళ్ల లేపుతరన్నమాట.”

మర్నాడు ఊరిపెద్ద సీతయ్య దగ్గరికి పోయి అడిగింది. వీరబాబుకు దరువు ఇచ్చింది ఆయనే. ఇప్పుడు మంచం దిగలేడు. పడుకునే అంతా విన్నాడు. తర్వాత, “పిలిచేటోడు ఎవడైతేంది జంపక్కా, పంపేది మాత్రం కన్నోళ్లే. నువ్వు ఆడుండాలె,” అన్నాడు.

యశోదకు ఇవన్నీ నమ్మకమా అంటే చెప్పడం కష్టం. పూనకం వచ్చినవాళ్ల చేతికి బీపీ మిషన్ కట్టే మనిషి ఆమె. డోలు దించేటప్పుడు ఈ పద్ధతి తలపుకే రాలేదు. కానీ తల్లి నమ్ముతుంది, తప్పు తనది. సంతకం చేసి ఇచ్చిన డోలును ఇప్పుడు వెనక్కి అడగలేదు. అన్నం మూట తీసుకుని తల్లిని ఆ డోలు ముందు నిలబెట్టాలి. అంతే, అంతకు మించి ఆమె ఏమీ కోరుకోలేదు. ముందు వరుసలో కుర్చీలు ఉండనే ఉన్నాయి కదా అని ధైర్యంగా ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. షో ఇంకో పన్నెండు రోజులుందనగా భాను ఫోన్ చేశాడు. గొంతులోనే తెలిసింది.

“చెల్లె, పాసుల సంగతి నా చేతుల లేదు. అంత కంపెనీదే. ఒక్కొక్కరికి ఇన్నే అని లెక్క కట్టి ఇచ్చిండ్రు. నావి మా అత్తగారోళ్లకే సరిపోలె.”

“ముందు వరుస అంటివి గదన్నా.”

“ముందు వరుస కుర్చీ ఎంతకు అమ్ముతుండ్రో ఎరికేనా? పదిహేను వేలు. నాకే చెప్పనీకె సిగ్గయితుంది.” తనమీద తనకే కోపం వచ్చినట్టు గడగడా చెప్పుకుపోయాడు. “ఎల్‌ఈడీ తెరలు నాలుగు లారీలల్ల వస్తయ్. గ్రౌండు కిరాయి, సౌండు, జీఎస్టీ, బౌన్సర్లు. పాటకు పైసలు వస్తలేవు చెల్లె ఇప్పుడు, ఫోన్ల ఫుకట్ల ఇంటరు. అందుకే షోల మీదనే అంత గుంజుతరు. మనం బస్సు టాపు మీద డబ్బాలు కట్టుకపోయిన రోజులు అయిపోయినయ్.”

మీరు అంత గుంజుతున్నది ఎవరి దగ్గరో అని యశోద అడగాలనుకుంది. అడగలేదు. అన్న స్నేహితుడు. అదీగాక, ఏడుపు గొంతుతో మాట్లాడేవాడితో తగాదా పెట్టుకోవడం కష్టం.

ఇక టికెట్లే కొనాలి. గూడెంలో సిగ్నల్ దొరికేది బడి వెనక గుట్ట మీద ఒక్కచోటే. స్కూటీ కింద పెట్టి ఎక్కింది. అన్నిటికంటే చవక టికెట్టు, వెనకాల నిలబడి చూసేది, పద్నాలుగు వందల తొంభై తొమ్మిది. పేర్లు, వయసులు నింపేసరికి సిగ్నల్ పోయింది. వచ్చేసరికి అదే టికెట్టు ఇరవై రెండు వందలైంది. ఓటీపీ కోసం ఫోన్ ఎత్తి పట్టుకుని గుట్టంతా తిరిగింది. ఓటీపీ వచ్చేసరికి ఇరవై ఎనిమిది వందలు. సంతలో టమాటా ధర కూడా మనిషి కళ్లెదుట అలా పెరగదు. పైగా కొనే సౌకర్యం కల్పించినందుకు వేరే రుసుము. రెండు టికెట్లు కొని, గుట్ట మీదే కూర్చుండిపోయింది. నెల జీతంలో పెద్ద ముక్కే పోయింది.

ధర ఎంతో జంపక్కకు చెప్పకూడదనుకుంది గానీ ఆమె అడిగింది, అబద్ధం నోటికి రాలేదు.

“నా కొడుకును నేను చూడనీకె గంతనా,” అంది జంపక్క. కోపంగా అనలేదు, నిజంగా అర్థం కాక అడిగింది.

షో సాయంత్రం ఐదింటికి. ఆ రోజు జంపక్క కోడి కూయకముందే లేచి పొయ్యి రాజేసింది. కొత్త వడ్లు దంచిన బియ్యం, ఇంట్లో పెరిగిన పుంజు. మోదుగాకుల విస్తరిలో అన్నం, కూర వేరువేరుగా కట్టి, పైన తెల్లగుడ్డ చుట్టింది. సీసాలో ఇప్పసారా పోసి మూత బిగించింది. కొత్తగూడెం దాకా ఆటో, అక్కడినుంచి ఖమ్మం బస్సు. దారి పొడుగునా మూట ఒళ్లోనే. బస్సులో పక్క సీటావిడ వాసన పట్టి, “ఏంది పెద్దమ్మా, కొడుకు దగ్గరికా?” అని పలకరించింది. “అవ్ బిడ్డా,” అంది జంపక్క.

ఊరవతల బైపాసు పక్కన పెద్ద గ్రౌండు. ఇనుప కమ్మీలతో వంకరటింకర వరుసలు కట్టారు. ఫోను చూపిస్తే చేతికి కాగితం పట్టీ వేశారు. జంపక్క ముడతల మణికట్టుకు ఆ పట్టీ వదులైంది. అక్కడిదాకా అంతా సజావుగానే జరిగింది. తర్వాత సంచులు చూసే బల్ల వచ్చింది.

నల్ల చొక్కా మనిషి మూట విప్పాడు. సీసా మూత తీసి వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“ఇది లోపలికి పోదమ్మా. మందు బంద్. బయటి తిండి బంద్.”

“తాగనీకె కాదు బిడ్డా. తినేది కూడ మేం కాదు,” అంది జంపక్క.

అతను యశోద వైపు చూశాడు. యశోద చెప్పింది. చదువుకున్న భాషలో, మర్యాదగా, ఇది పూజకు సంబంధించినదని, స్టేజి మీద వాయించబోయే డోలు తమ ఇంటిదని, తెర మీద కనబడబోయే మనిషి తన అన్న అని చెప్పింది. చెప్తున్నకొద్దీ తనకే అది అతకని అబద్ధంలా వినబడింది. వెనక వరుసలో జనం గొణిగారు. “జరగండక్కా, మాకు లేటైతుంది,” అన్నాడొకడు. వాడి టీషర్టు మీద వీరబాబు బొమ్మే ఉంది.

నల్ల చొక్కా మనిషి చెడ్డవాడు కాదు. “నా ఉద్యోగం పోతదమ్మా, పైన కెమెరా ఉంది. ఇక్కడ పక్కన పెడత, పోయేటప్పుడు తీస్కపోండ్రి,” అన్నాడు. మూటనూ సీసానూ బల్ల కింద నీలం డ్రమ్ములో పెట్టాడు. అప్పటికే ఆ డ్రమ్ములో సగం తాగిన నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు ఉన్నాయి. జంపక్క వంగి చూసింది. “అన్నం కిందమీద అయితది,” అంది. అప్పటికే వెనకవాళ్లు వాళ్లిద్దర్నీ లోపలికి నెట్టేశారు.

లోపల గ్రౌండంతా నేల కనబడకుండా ఆకుపచ్చ ప్లాస్టిక్ పలకలు పరిచారు. గడ్డి పాడవకుండా అట. జంపక్క చెప్పులు విడిచి రెండడుగులు వేసి ఆగిపోయింది. కాలి బొటనవేలితో పలకల సందులో గెలికింది. వంగి, గోళ్లతో ఒక పలక అంచు ఎత్తబోయింది. అది పక్కదానికి బిగించి ఉంది.

“మన్నేది?” అంది.

“కిందుంటదమ్మా.”

“ఏడ పొయ్యాలె మరి?”

 పోయడానికి సీసా లేదు కదా అన్న మాట యశోద నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. అటూ ఇటూ చూసింది. ఒక పక్కన తిండి కొట్లు వరుసగా ఉన్నాయి. ఆకలి మీద కూడా అక్కడ పూటకో ధర. పరిగెత్తి, నాలుగు వందల ఇరవై పెట్టి కోడి బిర్యానీ డబ్బా కొనుక్కొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, అయినా ఖాళీ చేతులతో ఎలా ఉండటం?

జంపక్క డబ్బా మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసింది.

“ఎవరి పొయ్యో, ఎవరు వండిండ్రో. గింత కొన్న కూడు కోసం వాడు అంత దూరంకెల్లి వస్తడా?”

ఆ డబ్బా వాళ్లిద్దరి నడుమ అలాగే ఉండిపోయింది. పొద్దున్నుంచి ఇద్దరూ ఏమీ తినలేదు, అయినా దాన్ని ముట్టలేదు.

ఐదున్నరకు మొదలైంది. స్టేజి అక్కడెక్కడో, అగ్గిపెట్టెంత. మనుషులు కనబడరు, తెరలే కనబడతాయి. భాను అరిచాడు, జనం అరిచారు. నాలుగు పాటలు అయ్యాయి. ఒక్కో పాటకు ప్లాస్టిక్ పలకలు పాదాల కింద అదిరాయి. జంపక్క చెవులు మూసుకోలేదు, కళ్లు మూసుకోలేదు. ఆమె పాటలు వినడానికి రాలేదు. ఐదో పాటకు ముందు దీపాలన్నీ ఆర్పేశారు.

“మాతోటి ఒకడుండె,” అన్నాడు భాను మైకులో. “అడవిలకెల్లి వచ్చినోడు. వాడు లేకుంట మేం లేము. ఈ రాత్రికి వాన్ని పిలుద్దామా?”

పిలుద్దాం అంది జనం. నిజంగానే ఆ మాటే అన్నాడు భాను, నిజంగానే ఆ మాటే అంది జనం. ఇది తెలిసి చేసిన పని కాదు. తెలిసుంటే భాను గొంతు పెగిలేది కాదు.

తెర మీద వీరబాబు లేచాడు. రెండు తాడిచెట్ల ఎత్తు. ఇరవై ఆరేళ్లప్పటి మొహం, నుదుటి మీద చెమట, పై పెదవి మీద చిన్న గాటు. ఆ గాటు చిన్నప్పుడు తునికిపళ్ల కోసం చెట్టెక్కి పడ్డప్పటిది. యశోద తలెత్తి చూసింది. అన్న తనకంటే చిన్నవాడైపోయాడు. ఇప్పుడు కనబడితే ‘అన్నా’ అనడానికి నోరు రానంత చిన్నవాడు.

జనం వాడి పేరు అందుకున్నారు. వీరబాబు, వీరబాబు అని ఎనిమిదివేల మంది. ఆ అరుపు నడుమ నుంచి డోలు మోగింది.

అదే తోలు. అదే దరువు. ముంబై డ్రమ్మర్ ఒక్క దెబ్బ కూడా తప్పకుండా నేర్చుకున్నాడు, వాడి పనితనానికి వంక పెట్టలేం.  నమ్మకం లేని మనిషి నమ్మకం లేనట్టే ఉండాలి కదా, యశోద మాత్రం గబుక్కున తల తిప్పి వెనక్కి చూసింది, ఎవరో వచ్చి నిలబడ్డారేమోనని.

జంపక్క రెండు చేతులూ ముందుకు చాచి నిలబడి ఉంది. ఆకు పట్టుకున్నట్టు, అరచేతులు పైకి పెట్టి. వాటిలో ఏమీ లేదు. పెదవులు కదులుతున్నాయి. యశోద చెవి దగ్గర పెట్టింది.

“వచ్చినవా బిడ్డా. జర ఆగు. తెచ్చిన. ఆళ్లు తీస్కున్నరు. జర ఆగు.”

మూడు నిమిషాలు. అంతే. డోలు ఆగింది, చప్పట్లు కొట్టారు. తెర మీద వీరబాబు మొహం ముక్కలుముక్కలై ఎర్ర నిప్పురవ్వలుగా మారింది. గిటార్లు ఇంకో పాట అందుకున్నాయి. పక్కనున్న అమ్మాయిలు ఫోన్లు దించి గెంతడం మొదలుపెట్టారు.

“ఇప్పుడు పంపుతరా?” అంది జంపక్క, చేతులు చాచే ఉంచి.

“లేదమ్మా. ఇది వేరే పాట.”

ఎనిమిదింటికి షో అయిపోయింది. నీలం డ్రమ్ము దగ్గరికి పరిగెత్తితే అది బోర్లించి ఉంది. చెత్త అంతా ట్రాక్టరులో పోయింది. నల్ల చొక్కా మనిషి డ్యూటీ మారింది.

యశోద భానుకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. పన్నెండోసారి ఎత్తాడు. కమ్మీల దగ్గరికి రెండు నిమిషాలకు వచ్చాడు. మొహానికి రాసిన రంగు చెమటకు కారి మెడ మీద చారలు కట్టింది. కమ్మీల సందులోంచి వంగి జంపక్క కాళ్లు అందుకోబోయాడు, అందలేదు.

“చూసినవా అమ్మా? ఎట్ల పిలిచిండ్రో చూసినవా వాన్ని?”

“చూసిన బిడ్డా. వచ్చిండు,” అంది జంపక్క. “డోలు ఒక్క గడియ ఇయ్యి. ఏడనన్న పొయ్యి దొరకపట్టి ఇంత అన్నం వండి పెట్టి పంపిస్త. మళ్ల నీకే ఇస్త.”

భాను అర్థం కానట్టు యశోదను చూశాడు. యశోద రెండు ముక్కల్లో చెప్పింది. విన్నాక అతని మొహం మాడిపోయింది. ఎన్నోసార్లు ఆ ఇంట్లో తిన్నాడు, పండుగలకు వచ్చాడు, వీరబాబు ఇవేవీ అతనికి చెప్పలేదు. బతికున్నవాడు తను చనిపోయాక ఏం చేయాలో స్నేహితులకు చెప్పి పెట్టుకోడు కదా.

“సామాన్లు లారీల ఎక్కినయమ్మా. సీలేసిండ్రు. పొద్దుగాల హైదరాబాదుల ఉండాలె.” గొంతు తగ్గించాడు. “నేను పోయి అడిగినా ఇయ్యరు, కాగితం రాసి ఉంది. జనవరిల టూర్ అయిపోంగనే నేనే మోసుకొస్త. నీ మీద ఒట్టు.”

“అప్పటిదాంక ఆ పాట బంద్ చెయ్యరాదు అన్నా,” అంది యశోద.

 లోపలి నుంచి ఎవరో భానును పేరు పెట్టి పిలిచారు. ఎక్కువ డబ్బు కట్టినవాళ్లు పక్కన నిలబడి ఫోటో దిగడానికి వరుస కట్టి ఉన్నారట.

“మమ్మల్ని చూడనీకె ఎవరొస్తరు చెల్లె? ముసలోళ్లమైనం. టికెట్లు తెగుతున్నదే వాని బొమ్మ మీద.” ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని లోపలికి పోయాడు. అతని ఏడుపు నిజమే. కానీ దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

ఆ రాత్రి ఖమ్మంలో యశోదతో ట్రైనింగ్ అయిన కళ్యాణి గదిలో పడుకున్నారు. తెల్లవారకముందే జంపక్క లేచి కూర్చుంది. కళ్యాణి గదిలోని గ్యాస్ పొయ్యి మీద గుప్పెడు బియ్యం తనే వండింది. ఇంటి పొయ్యి కాకపోయినా కన్నచేతి వంట కదా అని. అన్నం గిన్నె పట్టుకుని గ్రౌండుకు పోదామంది. యశోద వద్దనలేదు.

పోయేసరికి ఎండ వస్తోంది. పనివాళ్లు ప్లాస్టిక్ పలకలు ఊడదీసి పేరుస్తున్నారు. కింద గడ్డి ఒక్కరోజుకే పసుపు పచ్చగా వడలింది. అక్కడక్కడా మట్టి బయటపడింది, మెత్తగా, తడిగా. జంపక్క స్టేజి ఉన్న చోటుకు నడిచింది. అక్కడ నాలుగు గుంతలు, లారీ టైర్ల జాడలు. జాడలు గేటు దాటి హైదరాబాదు రోడ్డెక్కాయి. వంగి, మట్టి మీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంది.

“లేడు,” అంది. “దానెంబడి పోయిండు.”

అన్నం గిన్నె పట్టుకుని అక్కడే కూర్చుంది. యశోద పక్కన కూర్చుంది. తప్పు నాదేనని ఒక్కసారైనా అందామనుకుంది. అన్నా ఆ తల్లి కాదనదు, అవుననదు. అందుకే అనలేదు.

“ఇంక ఏయే ఊర్లున్నయ్?” అని అడిగింది జంపక్క.

యశోద ఫోను తీసి చదివింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, బెంగళూరు, చెన్నై, పుణె, ముంబై, ఢిల్లీ. జంపక్క ఒక్కో ఊరికి ఒక్కో వేలు మడిచింది. వాటిలో ఒక్క ఊరూ ఆమె చూడలేదు.

“ఎనిమిది మార్లు పిలుస్తరు,” అంది. “పిలిచినప్పుడల్లా వాడొచ్చి ముందుగాల మన కోసమే చూస్తడు. ఆకలైతుందని ఎవరికి చెప్తడు, వానికి ఆ భాషలే రావు.”

యశోద యాప్ తెరిచింది. హైదరాబాదు షో శనివారం. అన్నిటికంటే చవక టికెట్టు నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. పైన ఎర్ర అక్షరాల్లో, త్వరపడండి, ధర పెరుగుతోంది అని ఉంది.

“రెండు తీసుకుంటే...” అని ఆగిపోయింది.

“ఒక్కటి చాలు. కన్నది నేనొక్కదాన్నే గద. అన్నం కొంగుల ముడేసుకొని పోత. ముసల్దాని కొంగు ఇప్పి చూస్తరా?”

“అమ్మా, నీకు చదువు రాదు. అంత జనంల ఒక్కదానివి తప్పిపోతవు.”

“తప్పిపోతే ఏమాయె. వాని కాడనే ఉంట గద.”

యశోద కాసేపు తల్లి వంక చూసింది. తర్వాత ఫోను వైపు తిరిగి, ఎన్ని టికెట్లు అని అడుగుతున్న చోట ఒకటి నొక్కింది.